పెరటి కోళ్ళ పెంపకం: పర్లాకిమిడి వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో కోళ్ళు పెంచేవారు తొలకరికి ఒకసారి, సంక్రాంతి ముందు ఒకసారి ఇంచుమించు ఇవే సందేహాలు అడుగుతూ ఉంటారు. ఇక్కడి పశువైద్య శాఖ కరపత్రాలు ఒడియాలో ఉంటాయి, మందు సీసాల మీద రాత ఇంగ్లీషులో ఉంటుంది. రెండూ చదవలేని పెద్దవాళ్ళే మా ఇళ్ళలో కోళ్ళను చూసుకుంటారు. నేను పశువైద్యుణ్ణి కాను, పద్నాలుగేళ్ళుగా పెరట్లో కోళ్ళు పెంచుతున్నవాణ్ణి. ఫారం కోళ్ళ లెక్క వేరు, దాని జోలికి నేను పోలేదు.

## మొదలుపెట్టే ముందు

ఎన్ని కోళ్ళతో మొదలుపెట్టాలి? పుంజు తప్పనిసరిగా ఉండాలా?

అయిదు పెట్టలు, ఒక పుంజు చాలు. గుడ్లు తినడానికే అయితే పుంజు అక్కరలేదు, పెట్ట తన పాటికి తాను గుడ్డు పెడుతుంది. పిల్లలు కావాలంటే మాత్రం ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి. చిన్న పెరట్లో ఈడు వచ్చిన పుంజులు రెండుంటే పొద్దస్తమానం కొట్లాటే. ఒకే పుంజును ఏళ్ళ తరబడి ఉంచితే దాని కూతుళ్ళతోనే జత కట్టి పిల్లలు నీరసంగా పుడతాయి కనుక, రెండేళ్ళకొకసారి పుంజును వేరే ఊరి బంధువులతో మార్చుకోవడం మంచిది.

నాటుకోడి మంచిదా, వనరాజా, గ్రామప్రియ మంచివా?

వనరాజా, గ్రామప్రియ రెండూ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకాలు. గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోసం, వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికివస్తుంది. పెరట్లో తిరిగే వనరాజా ఏడాదికి నూరు గుడ్లకు పైగా పెడుతుంది. నాటుపెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, ఏడాదికి మూడు నాలుగు విడతలు, మొత్తం యాభై అరవై గుడ్లు. అంకెలు చూస్తే నాటుకోడి ఓడిపోయినట్టే కనిపిస్తుంది. అయితే మెరుగు రకాలు పొదగవు, బరువు వల్ల పరుగెత్తలేవు, అదనపు మేత అడుగుతాయి, ప్రతి విడతా పిల్లలను కొనవలసిందే. మా పెరట్లో నాలుగు నాటుపెట్టలకు రెండు గ్రామప్రియలు ఉంటాయి. గ్రామప్రియల గుడ్లు పిల్లలు తింటారు, నాటుపెట్టలు మందను నిలబెడతాయి. ఏ రకమైనా కొక్కెర తెగులుకు (రాణిఖెట్) ఒకే తీరుగా చస్తాయి కనుక, రకం గురించి పడే ఆరాటంలో సగం టీకా గురించి పడితే మందలు మిగులుతాయని నా అభిప్రాయం.

సంతలో అమ్మే రంగు పిల్లలను కొనవచ్చా?

కొనవద్దు. గులాబీ, పచ్చ, నీలం రంగులు అద్ది గంపలో పెట్టి అమ్మేవి చాలావరకు గుడ్ల ఫారాలకు పనికిరాక పక్కన పెట్టిన మగపిల్లలే. వాటికి టీకాలు ఉండవు, వెచ్చదనం లేక సగం దారిలోనే తూలుతుంటాయి. బతికినవి గుడ్డు పెట్టవు, ఒళ్ళూ చేయవు.

గూడు ఎంత ఉండాలి? ఎలా కట్టాలి?

పగలంతా బయట తిరిగే కోళ్ళకు గూడు రాత్రి పడకకే కనుక, కోడికి ఒకటిన్నర నుంచి రెండు చదరపుటడుగులు సరిపోతుంది. పది కోళ్ళకు అయిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటే ఇరుకు ఉండదు. పొడవు తూర్పు పడమరలుగా ఉంచితే ఎండ నేరుగా లోపల పడదు. నేల మీద కట్టకుండా రెండడుగుల ఎత్తున గుంజలపై నిలబెట్టి, అడుగున వెదురు దబ్బలు వేస్తే రెట్ట కిందకు రాలిపోతుంది, వానాకాలంలో చెమ్మ పట్టదు.

గూటికి బలం గోడల్లో కాదు, సందుల్లో చూడాలి. మా మొదటి గూడు తలుపు కింద రెండు వేళ్ళ సందు ఉండేది, ఆ సందులో కోడి దూరదు కదా అని వదిలేశాను. ఒక తెల్లవారి తలుపు తీస్తే మూడు పెట్టలు మెడ దగ్గర కొరికి ఉన్నాయి, తిన్నది మాత్రం ఏమీ లేదు, మిగిలినవి రాత్రి ఎక్కి కూర్చునే దండెం మీద ఒక మూలకు నక్కి కిక్కురుమనకుండా ఉన్నాయి. అది ముంగిస పని. ఆ నాటి నుంచి అరంగుళం కన్నా పెద్ద కన్ను ఉన్న జాలీ వాడలేదు, రోజూ సాయంత్రం గడియ వేశాక తలుపు అంచు చుట్టూ వేలు పెట్టి చూస్తాను. జాలీని నేలలోకి జానెడు లోతు పాతితే తవ్వి దూరే జంతువులు కూడా ఆగుతాయి.

## పొదుగు, పిల్లలు

కోడి పొదుగుకు వచ్చింది. ఎన్ని గుడ్లు, ఏ గుడ్లు పెట్టాలి?

నాటుపెట్ట రెక్కల కింద పది నుంచి పన్నెండు గుడ్లు సరిగా ఇముడుతాయి. ఆశపడి పదహారు పెడితే అంచున ఉన్నవి వంతులవారీగా చల్లబడి అన్నీ చెడే ప్రమాదం ఉంది. వారం రోజుల లోపు పెట్టిన గుడ్లనే ఎంచాలి. వేసవిలో నాలుగయిదు రోజులు దాటినవి కూడా నమ్మలేము. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పగులు ఉన్నవి, వంకర గుడ్లు వంటింటికే. పొదుగుకు పెట్టేదాకా గుడ్లను తడి ఇసుక మీద ఉంచిన కుండలో, సన్నని కొస కిందకు ఉండేలా నిలబెట్టి, చల్లని మూలలో ఉంచాలి. రెట్ట అంటిన గుడ్డును కడగకూడదు, పెంకు మీది సహజమైన పొర పోతుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

గంపలో ఎండుగడ్డి పరిచి, గడ్డి కింద గుప్పెడు వేపాకు, కాస్త బూడిద వేస్తే పేలు తగ్గుతాయి. చీకటిగా, అలికిడి లేని చోట గంప పెట్టి, గింజలూ నీళ్ళూ రెండు మూడు అడుగుల దూరంలో ఉంచాలి. కోడి రోజుకొకసారి లేచి తిని, రెట్ట వేసి, పది ఇరవై నిమిషాలలో తిరిగి వస్తుంది. ఆ సమయంలో దానిని అదిలించవద్దు.

గుడ్డులో పిల్ల ఉందో లేదో ముందే తెలుస్తుందా?

ఏడో రోజు రాత్రి చీకటి గదిలో గుడ్డు పెద్ద కొసకు టార్చిలైటు ఆనించి చూడండి. సాలెపురుగు కాళ్ళలా ఎర్రని నరాలు కనిపిస్తే పిల్ల ఉంది. లోపలంతా తేటగా పసుపురంగులో ఉంటే బీజం లేని గుడ్డు, తీసివేయాలి. లేకపోతే వేడికి కుళ్ళి గంపలోనే పగిలి మిగిలినవాటినీ పాడుచేస్తుంది.

ఇరవై ఒకటో రోజు దాటింది, పిల్లలు రాలేదు. గుడ్డు పగలగొట్టి సాయం చేయవచ్చా?

చేయవద్దు. కోడిగుడ్డుకు ఇరవై ఒక్క రోజులు లెక్క అయినా, గుడ్లు పాతవైనా పెట్ట ఎక్కువసేపు లేచి తిరిగినా ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. పెంకుకు ముక్కుగాటు పెట్టిన పిల్ల బయటికి రావడానికి పూట పైనే పడుతుంది, ఈలోగా లోపలి పొరలోని నెత్తురు, పచ్చసొన దాని ఒంట్లోకి ఇంకాలి. తొందరపడి వలిస్తే నెత్తురు కారి చనిపోతుంది. ఇరవై మూడో రోజుకు కూడా గాటు పడని గుడ్లను తీసివేసి, వచ్చిన పిల్లలతో తల్లిని దించవచ్చు.

తల్లి లేని పిల్లలను ఎలా వెచ్చగా ఉంచాలి?

మొదటి వారం పిల్లల దగ్గర వేడి 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, ఆ తరువాత వారానికి అయిదు డిగ్రీల చొప్పున తగ్గించాలి. యాభై పిల్లలకు పాతకాలపు వంద వాట్ల ఫిలమెంటు బల్బు ఒకటి సరిపోతుంది. ఎల్‌ఈడీ బల్బు వెలుతురే తప్ప వేడి ఇవ్వదు. దీని కిందనే పిల్లలను పెట్టి చలికి పోగొట్టుకున్న ఇళ్ళు నాకు తెలిసి నాలుగున్నాయి. వేడి చాలిందో లేదో పిల్లలే చెబుతాయి: బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, దూరంగా గోడలకు ఆనుకుని నోరు తెరిస్తే వేడి ఎక్కువ, అంతటా చెదిరి తింటుంటే సరిగ్గా ఉంది.

కరెంటు పోయే రాత్రులకు నిప్పులపై బూడిద కప్పిన కుంపటిని పిల్లలకు అందనంత దూరంలో పెట్టవచ్చు గాని, కిటికీ తెరిచి ఉండాలి, మనుషులు అదే గదిలో నిద్రించకూడదు. కింద రెండంగుళాల మందంగా ఊక పరిచి మొదటి రెండు రోజులు దానిపై పాత వార్తాపత్రిక వేయాలి, లేకపోతే పిల్లలు ఊకనే మేత అనుకుని తింటాయి.

కోడి పొదుగు మానడం లేదు. ముక్కులో ఈక దూర్చవచ్చా?

పెద్దలు చేసేవారు, కోడికి బాధ తప్ప లాభం లేదు. గాలి ఆడే జాలీ అడుగున్న పెట్టెలో మూడు నాలుగు రోజులు మేత, నీళ్ళతో ఉంచితే పొట్ట చల్లబడి పొదుగు వదిలేస్తుంది.

గద్ద రోజూ పిల్లలను ఎత్తుకుపోతోంది. ఏం చేయాలి?

మొదటి మూడు నాలుగు వారాలే ఆపద ఎక్కువ. ఆ రోజుల్లో తల్లిని వెదురు గంప కింద ఉంచితే పిల్లలు సందుల్లోంచి బయటికి వచ్చి తిరిగి, నీడ కనబడగానే లోపలికి దూరుతాయి. పెరటి మీదుగా దండెం తాళ్ళు అడ్డదిడ్డంగా కట్టి, మెరిసే పాత క్యాసెట్ టేపు గాని గుడ్డపీలికలు గాని వేలాడదీస్తే గద్ద వాలడానికి జంకుతుంది. అన్నిటికన్నా, దిగువన అల్లుకున్న బీర పందిరి, ముళ్ళపొద ఉన్న పెరట్లో నష్టం తక్కువ.

## మేత, నీళ్ళు

మేత కొనాలా? ఇంట్లో మిగిలినది సరిపోదా?

పెరట్లో తిరిగే నాటుకోడి పురుగు, గడ్డి, రాలిన గింజ ఏరుకుని సగం కడుపు తానే నింపుకుంటుంది. సాయంత్రం గూటికి పిలిచే వేళ కోడికి గుప్పెడు, అంటే ముప్పై నుంచి యాభై గ్రాముల గింజ వేస్తే చాలు. నూకలు, చోళ్ళు (రాగులు), గంటెలు (సజ్జలు), మొక్కజొన్న నలగ్గొట్టినవి, కాస్త తవుడు కలిపి వేయవచ్చు. నూకలు ఒక్కటే వేస్తే కడుపు నిండుతుంది గాని మాంసకృత్తులు అందవు. వేరుశనగ చెక్క పదిలో ఒక పాలు కలిపితే గుడ్లు పెరుగుతాయి. మేత సాయంత్రమే వేయడంలో ఇంకొక లాభం ఉంది: చీకటి పడకముందే లెక్కకు అన్నీ గూటికి చేరతాయి.

ఊరగాయ, ఉప్పు చేపల కడుగునీళ్ళు, మిగిలిన ఎండుచేప కూర వేయవద్దు, ఉప్పు ఎక్కువైతే చిన్నపిల్లలు నీళ్ళు తాగి తాగి చస్తాయి. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న అంతకన్నా ప్రమాదం. ఎండబెట్టినా దానిలోని విషం పోదు.

చెదపురుగులు పెట్టవచ్చా?

నిక్షేపంగా. పాత కుండలో తడిపిన గడ్డి, పేడ, గోనెముక్క కుక్కి, చెదలున్న చోట సాయంత్రం బోర్లిస్తే తెల్లవారేసరికి కుండ నిండా పట్టి ఉంటాయి. కొండమీది సవర గిరిజనుల ఇళ్ళలో కోడిపిల్లలు బాగా ఎదగడానికి ఇదొక కారణం. మందు కొట్టిన పొలం గట్టు మీది చెదలు మాత్రం తేవద్దు.

ఏప్రిల్, మే నెలల్లో కోళ్ళు నోరు తెరుచుకుని రొప్పుతున్నాయి. ఏం ఇవ్వాలి?

కోడికి చెమట పట్టదు, నోటితో రొప్పుతూనే వేడి వదులుకుంటుంది. మట్టి మూకుళ్ళలో నీళ్ళు నీడలో రెండు మూడు చోట్ల ఉంచి, మధ్యాహ్నం ఒకసారి మార్చండి. పలచని మజ్జిగ ఇవ్వవచ్చు. గింజ ఉదయం చల్లని వేళ, సాయంత్రం పొద్దు వాలాక మాత్రమే వేయాలి, అరుగుదలకు కూడా ఒంట్లో వేడి పుడుతుంది. రేకు కప్పు మీద తాటాకు గాని గడ్డి గాని పరిచి తడుపుతూ ఉండాలి. సొమ్మసిల్లిన కోడిని ఐసునీళ్ళలో ముంచకుండా నీడలో ఉంచి, కాళ్ళు, తురాయి తడపండి.

## జబ్బులు, టీకాలు

ఊళ్ళో కోళ్ళు ఒక్కసారిగా చచ్చిపోతున్నాయి. ఇదేం జబ్బు?

ఒకటి రెండు కాకుండా వారం లోపల వీధి వీధంతా ఖాళీ అవుతుంటే అది చాలాసార్లు కొక్కెర తెగులు, అంటే రాణిఖెట్. ఆకుపచ్చ నీళ్ళ రెట్ట, నోరు తెరిచి గురగురమని ఊపిరి తీయడం, రెక్కలు వేలాడడం, బతికి బయటపడ్డవాటికి మెడ తిరిగిపోవడం దీని గుర్తులు. ఇది వైరస్ కనుక వచ్చిన తరువాత ఏ మందూ పనిచేయదు; వెల్లుల్లి, పసుపు, మనుషుల యాంటీబయాటిక్ మాత్రలు వేయడం డబ్బు దండగే. చచ్చినవాటిని మోకాలి లోతు గొయ్యిలో సున్నం చల్లి పాతండి. కాలవలో గాని తోటలో గాని పారవేస్తే కుక్కలు, కాకులు పక్క వీధికి మోసుకుపోతాయి. జబ్బు మొదలైందని తెలియగానే మిగిలినవాటిని సంతకు తోలడం మా వైపు పాత అలవాటు, ఆ అలవాటే ఈ తెగులును ఊరూరా తిప్పుతోంది. తెగులు వచ్చిన గూటిని కడిగి, సున్నం వేసి, నెల నుంచి రెండు నెలలు ఖాళీగా ఉంచాకే కొత్త కోళ్ళను తేవాలి.

టీకాలు ఎప్పుడు వేయించాలి? టీకా వేసినా చచ్చాయి, ఎందుకు?

కొక్కెర తెగులుకు అయిదు నుంచి ఏడో రోజు లోపల ఎఫ్-1 టీకా గాని లసోటా టీకా గాని కంట్లో ఒక చుక్క, నాలుగో వారం చివర లసోటా మళ్ళీ ఒక చుక్క, ఎనిమిదో వారంలో రెక్క కింద చర్మంలోకి ఆర్-2బి టీకా అర మిల్లీలీటరు, తరువాత ఆరు నెలలకొకసారి అదే. కొన్న మెరుగు రకం పిల్లలకు రెండో వారంలో గంబోరో అనే జబ్బుకు టీకా చుక్కలు కూడా వేయిస్తారు. ఆర్-2బికి వారం ముందు నులిపురుగుల మందు తాగిస్తే టీకా బాగా పడుతుంది.

టీకా విఫలమైందంటే తప్పు సాధారణంగా దారిలో జరుగుతుంది. ఇవి బతికున్న వైరస్ టీకాలు, ఫ్రిజ్ చల్లదనం తప్పితే ఉత్త నీళ్ళే. నేనొకసారి సీసాను పాతపట్నంలో కొని, చొక్కా జేబులో వేసుకుని, దారిలో పెళ్ళివారింట భోజనం చేసి, మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరాను. నెల తిరగకముందే తెగులు వచ్చింది, టీకా వేసినవీ వేయనివీ తేడా లేకుండా పోయాయి. ఇప్పుడు మూత గట్టిగా పట్టే ఫ్లాస్కులో ఐసు ముక్కలు వేసి, సీసాను పాలిథీన్ సంచిలో చుట్టి తెస్తాను. ఆర్-2బి సీసాలో సాధారణంగా వంద కోళ్ళకు సరిపడే మందు ఉంటుంది, సెలైన్‌లో కలిపాక గంటా రెండు గంటలలో వాడేయాలి. ఒక ఇంటికి అన్ని కోళ్ళుండవు కనుక మా వీధిలో పది ఇళ్ళవాళ్ళం కూడబలుక్కుని, తెల్లవారుజామున గూళ్ళు తెరవకముందే వేయిస్తాం. జబ్బు పడ్డ కోడికి టీకా వేయించవద్దు. సాయానికి బ్లాకు పశువైద్యశాలలోని లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరును అడగండి; 1962 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

సంతలో కొన్న కోడిని నేరుగా మందలో కలపవచ్చా?

కలపవద్దు. కనీసం రెండు వారాలు దూరంగా, వేరే మూకుడు, వేరే నీళ్ళతో ఉంచి, పాత కోళ్ళను చూసుకున్న తరువాతే దాని దగ్గరికి వెళ్ళాలి. డేగ రంగు పుంజు ఒకటి సంతలో కంటికి నచ్చి, తెచ్చిన సాయంత్రమే గూట్లో వదిలాను. అయిదో రోజున అది ముడుచుకుంది, పదిహేనో రోజుకు పదిహేడింటిలో మూడు మిగిలాయి.

మొహం మీద, తురాయి మీద పొక్కులు వచ్చాయి. అమ్మవారేనా?

కోళ్ళ మశూచి అంటారు, మనుషులకు అంటదు. దోమలు మోసుకువస్తాయి కనుక వానలు తగ్గాక ఎక్కువ. ఒంటిమీది పొక్కులకే పరిమితమైతే మూడు నాలుగు వారాలలో ఎండి రాలుతాయి. వేపనూనెలో పసుపు కలిపి రాస్తే ఈగలు వాలవు. కళ్ళు మూసుకుపోతే చేత్తో మేత, నీళ్ళు అందించాలి. నోటిలోపల పొర కడితే బతకడం కష్టం. ఆరో వారంలో రెక్క తోలుకు గుచ్చే టీకా ఉంది.

పిల్లల రెట్టలో నెత్తురు పడుతోంది.

మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లలలో ఇది కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు కావచ్చు, తడి ఊకలో పెరుగుతుంది. పశువైద్యుడు చెప్పిన మోతాదులో ఆంప్రోలియం మందు నీళ్ళలో కలిపి ఇవ్వాలి, అదే రోజు ఊకంతా మార్చాలి. ఊక మార్చకుండా మందు ఒక్కటే పోస్తే మళ్ళీ వస్తుంది.

కోడిపేలు పోవడం లేదు.

ఎండిన మట్టి, కట్టెల బూడిద కలిపి ఒక మూల గుంటలో పోయండి, కోళ్ళే పొర్లి దులుపుకుంటాయి. కొన్ని పేలు పగలు కోడి ఒంటి మీద ఉండక దండెం పగుళ్ళలో దాగుతాయి. దండేలను కిరసనాయిలుతో తుడిచి ఎండలో పెట్టండి.

బర్డ్ ఫ్లూ అంటున్నారు. మా కోళ్ళను తినవచ్చా?

మన దేశంలో ఇది మొదట 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో వచ్చింది. 70 డిగ్రీల సెల్సియస్ దాటి బాగా ఉడికిన మాంసంలో, గుడ్డులో వైరస్ బతకదు. జబ్బు కోడిని కోయడం, ఈకలు పీకడమే ప్రమాదం కనుక చచ్చిన కోడిని, చావబోయే కోడిని వంటకు తీసుకోవద్దు. ఒక్కసారిగా ఎక్కువ కోళ్ళు చస్తే చేతితో ముట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పండి.

## గుడ్లు, అమ్మకం, గాలివాన

పెట్ట ఉన్నట్టుండి గుడ్లు మానేసింది. కారణం ఏమిటి?

ఈకలు రాల్చే కాలమైతే రెండు మూడు నెలలు మానడం సహజం. చలికాలంలో పగటి వెలుతురు తగ్గినా తగ్గుతుంది. ఈ రెండూ కాకపోతే పెట్ట మానలేదేమో, చోటు మార్చిందేమో చూడండి. మా పెట్ట ఒకటి నెల రోజులు గుడ్డు లేదనిపించి, చివరికి కట్టెల మోపు వెనుక పన్నెండు గుడ్ల మీద కూర్చుని దొరికింది.

పెంకు లేని తోలుగుడ్డు పెడుతోంది.

సున్నం చాలడం లేదు. నత్తగుల్లలు, ఆలిచిప్పలు దంచి విడిగా పోయండి. వాడిన గుడ్డుపెంకులైతే వేయించి, ఆనవాలు తెలియనంత పొడి చేసి వేయాలి, లేకపోతే గుడ్లు పొడుచుకు తినడం మరుగుతుంది.

పుంజులను ఎప్పుడు అమ్మితే ధర వస్తుంది?

మన సరిహద్దులో ఒక సౌకర్యం ఉంది. ఒడియావారి కార్తీకం పున్నమితో ముగుస్తుంది, మర్నాడు ఛాడఖాయి, ఆ రోజు నెల ఉపవాసం విడిచి మాంసం తింటారు. మన తెలుగువారి కార్తీకం అమావాస్య దాకా సాగి, మర్నాడు పోలిపాడ్యమితో వదులుతుంది. అంటే పక్షం తేడాతో రెండు గిరాకీలు, తరువాత సంక్రాంతి. జూను నెలలో దిగిన నాటు పుంజులు నవంబరుకు ఇంచుమించు కిలో పైబడి ఉంటాయి కనుక, మే చివర పొదుగు పెట్టడం లాభం. తూకంతో అమ్మండి, చూపుడు బేరంలో అమ్మేవాడే నష్టపోతాడు. పందేలకు అమ్మే బేరం వద్దు, కోడిపందెం చట్టరీత్యా నేరం.

తుఫాను హెచ్చరిక వచ్చింది. కోళ్ళను ఏం చేయాలి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గూటి రేకు ఎగిరి పక్కవారి బావిలో పడింది. ముందు రాత్రే కోళ్ళను గంపల కింద వసారాలోకి తెచ్చాం కనుక బతికాయి. తడిసి గాలి తగిలిన కోడి రెక్కలలో వేడి నిలవక చలికే చస్తుంది, అందుకని తడిసినదానిని ముందు గుడ్డతో తుడిచి వెచ్చగా ఉంచాలి. గంపకు నాలుగయిదు కన్నా కుక్కవద్దు. మేతను మూత ఉన్న డబ్బాలో అటక మీద పెట్టి, మూడు రోజులకు సరిపడే నీళ్ళు పట్టి ఉంచండి. వరద తీసిన తరువాత పెరట్లోని మురుగు ఆరేదాకా కోళ్ళను వదలవద్దు. నానిన బస్తాలోని గింజను మాత్రం ఎంత ప్రాణం ఒప్పకపోయినా పాతిపెట్టవలసిందే.